సూదిమొన, మొద్దుమొన

ఆ వీధిలో ఆమెను అందరూ సాలెగూళ్ళ మేడం అనేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె ఆగి, సంచీని ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకుని, ఎంతో మర్యాదగా సరిదిద్దేది: "నావి గూళ్ళు కట్టే రకం కాదండీ. ఇవి తిరుగుబోతులు." ఆ జవాబుతో పేరు మారలేదు సరికదా, పాలు పోసే మనిషి మొదలుకొని మూలమీది దర్జీ వరకు అందరూ ఆ రెండో మాట వినడం కోసమే మొదటి మాట అనడం అలవాటు చేసుకున్నారు.

ఆమె పనిచేసేది మ్యూజియంలో. జనం టిక్కెట్టు కొని చూసే గదుల్లో కాదు. వాటి వెనక, మెట్లకింద నుంచి వంగి వెళ్ళవలసిన పొడుగాటి గదిలో. గది నిండా ఇనప అలమరాలు, అలమరాల నిండా సీసాలు, సీసాల్లో స్పిరిట్, స్పిరిట్‌లో సాలీళ్ళు. వాటిలో ఆమె వంతుకు వచ్చినవి సంచార సాలీళ్ళు. వేడీ తేమా కలిసి ఉండే చోట్ల, రాలిన ఆకుల కిందా రాళ్ళ సందుల్లోనూ పగలంతా నక్కి ఉండి, పొద్దు వాలగానే బయలుదేరే జీవులవి. గూడు అల్లి, ఎవరో వచ్చి పడతారని కూర్చునే ఓపిక వాటికి లేదు; కాళ్ళున్నాయి కనుక వెళ్ళి పట్టుకుంటాయి. ఎనిమిది కళ్ళు మూడు వరుసలుగా ఉంటాయి: ముందు రెండు, మధ్యన నాలుగు, వెనక రెండు.

"ఎనిమిదా!" అని పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. "వాటికి చూపు మందగిస్తే మాత్రం నా దగ్గరికే పంపించు. ఒక్క కుటుంబం వస్తే చాలు, మనం మేడ కట్టేయొచ్చు."

ఒక సాలీడును వర్ణించి, అది ఏ జాతిదో తేల్చి, దాని చోట దాన్ని పెట్టడం ఆమె వృత్తి. చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి నెలలు. గాజుగిన్నెలో సన్నని ఇసుక పరిచి, స్పిరిట్ పోసి, సాలీడును ఆ ఇసుకలో కుదురుగా పడుకోబెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ ముందుగా బొమ్మ వెయ్యాలి. బొమ్మ పూర్తయ్యేదాకా అభిప్రాయం ఏర్పరచుకోకూడదు. వర్ణన ఆ తరువాత. ఆ వర్ణనలో క్రియాపదాలకు చోటు లేదు. "వీపు గోధుమవన్నె, నడుమ లేతచార, కాళ్ళు పొడుగు, ముళ్ళతో." మ్యూజియంలో పొదుపు చేసిన క్రియలన్నీ ఇంటికి తెచ్చి తనమీద ఖర్చుపెడుతుందని భర్త ఫిర్యాదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క కొత్త జాతికీ పేరు పెట్టలేదు. అవకాశాలు రాక కాదు. కొత్తదనుకున్న ప్రతిదాన్నీ ఆమె మరోసారి చూసేది. ఆ మరోసారితో, అది ఎవరో ఎప్పుడో వర్ణించినదేనని తేలిపోయేది. "మేడం బల్లమీద పడితే కొత్తది కూడా పాతబడిపోతుంది" అని తోటివాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కానీ సీసాల చీటీలమీద ఎవరెవరి భార్యల పేర్లో, గురువుల పేర్లో, స్నేహితుల పేర్లో లాటిన్ తోకలు తగిలించుకుని వరుసగా నిలబడి ఉండడం చూసినప్పుడు, తాను కూడా ఒక్కసారి ఎవరో ఒకరికి అలాంటి తోక తగిలించాలని ఆమెకు మనసులో ఉండేది.

ఆ ఎవరో ఒకరు తన ఆడపడుచు అవుతారని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

వదినగారు, అంటే భర్తకు అక్క, రెండు వీధుల అవతల మొక్కల నర్సరీ నడిపేవారు. ఆవిడకు పురుగంటే భయం లేదు, మనిషంటే మొహమాటం లేదు. ఒక ఉదయం ఆవిడ గడప ఇవతలికి రాకుండానే కేక వేశారు. చేతిలో గాజు సీసా. దానిమీద మూతకు బదులు టీ వడగట్టే జల్లెడ, జారిపోకుండా పురికొసతో కట్టి ఉంది.

"ఏమే మరదలా, నీ చుట్టం దిగింది. వచ్చి తీసుకెళ్ళు!"

"ఎక్కడ దొరికింది వదినా?"

"ఎక్కడేమిటి, నీడ షెడ్డులో పాత కుండీలు బోర్లించి పెట్టాను కదా, ఒకటి ఎత్తేసరికి కింద దర్జాగా కూర్చుని ఉంది. లెమ్మంటే లేవదే! ఏళ్ళ తరబడి అద్దెకున్నవాళ్ళలాగా నావంక ఎగాదిగా చూసింది."

"చేత్తో పట్టుకోలేదు కదా?"

"నాకేం పిచ్చా? జల్లెడ బోర్లించి, కింద అట్టముక్క దూర్చాను. ఇక నువ్వు నాకు టీ ఇవ్వాలి. మా ఇంట్లో వడగట్టుకోవడానికి ఏమీ లేదు."

భర్త పేపర్లోంచి తలెత్తాడు. "అక్కా, ఆ జల్లెడ మళ్ళీ టీకి వాడతావా ఏమిటి?"

"కడుగుతానులేరా. చిన్నప్పుడు బురదలో పొర్లివస్తే నిన్ను కడిగి వాడుకోలేదూ?"

ఆమె అప్పటికే సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పొట్ట వైపు నుంచి భూతద్దంలో చూస్తున్నది. పూర్తిగా ఎదిగిన ఆడ సాలీడు. కళ్ళ వరుసలు సరిగ్గా ఉన్నాయి. కాళ్ళ రంగు మాత్రం ఎక్కడో చూసినట్టే ఉండి, ఎక్కడా చూడనట్టు ఉంది. టీ పొంగి పొయ్యిమీద పడుతున్న చప్పుడు వదినగారికి వినిపించింది, ఆమెకు వినిపించలేదు.

ఇక్కడ ఈ విద్యను గురించి ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆడ సాలీడు పొట్ట అడుగున ఆవగింజంత నల్లని గట్టి బిళ్ళ ఒకటి ఉంటుంది. జతకట్టే మార్గం అందులోనే. మగవాటికి ముఖానికి రెండు పక్కలా రెండు చిరుచేతులుంటాయి; వాటి చివర వంపు తిరిగిన సన్నని మొన. ఆ మొన ఈ బిళ్ళలో ఇమడాలి. ఒక జాతి మొన మరో జాతి బిళ్ళలో ఇమడదు. అందుచేత ఈ పనివాళ్ళు రంగును నమ్మరు, పరిమాణాన్ని నమ్మరు. ఆడదైతే బిళ్ళ, మగదైతే మొన, ఈ రెండు సాక్ష్యాలే చెల్లుతాయి.

వదినగారి సాలీడు బిళ్ళమీద ఒక ముల్లు ఉంది. తేనెరంగు, కొడవలి వంపు, మెరుపు. అటువంటి ముల్లు ఆమె ఏ బిళ్ళమీదా చూడలేదు. పుస్తకాలు వెతికింది, లేదు. అలమరాలు వెతికింది, లేదు. తన అలవాటు ప్రకారం మరోసారి చూసింది. ఎన్నడూ లేనిది, మరోసారి చూసినా అది కొత్తగానే ఉంది.

ఆ చుట్టుపక్కల ప్రాంతం నుంచి ఇటువంటి కళ్ళు, ఇటువంటి కాళ్ళు ఉన్న సంచార సాలీళ్ళు రెండే రెండు జాతులు నమోదై ఉన్నాయి. రెండింటినీ వర్ణించినది ఆమెకు పని నేర్పిన పెద్దసారే. రెండింటిలోనూ మగవే దొరికాయి, ఆడవి ఎవరికీ దొరకలేదు. ఒకదాని చిరుచేతి మొన సూదిలా ఉండేది, మరోదాని మొన గుండ్రంగా మొండిగా ఉండేది. లాటిన్‌లో ఆయన పెట్టిన పేర్లకు తెలుగులో అర్థం చెప్పాలంటే సూదిమొన, మొద్దుమొన. ఈ ఆడది ఆ ఇద్దరిలో ఎవరి తాలూకో అయి ఉండవచ్చునని ఆమెకు తట్టకపోలేదు. కానీ ఆ ముల్లు సరిగ్గా దారికి అడ్డంగా ఉంది. సూదిమొన అయినా మొద్దుమొన అయినా దాన్ని దాటి లోపలికి పోలేదు. కనుక ఇది ఆ రెండూ కాదు. మూడోది.

"వదినా," అన్నది ఆ ఆదివారం భోజనాల దగ్గర, గొంతు సవరించుకుని, "అది కొత్త జాతి. దానికి మీ పేరు పెడదామనుకుంటున్నాను."

వదినగారి ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "నా పేరా? సాలీడుకా? నేను నీకేం అపకారం చేశానే?"

"అపకారం కాదు వదినా, గౌరవం. ప్రపంచంలో ఎవరు ఆ సాలీడును గురించి రాసినా మీ పేరే రాయాలి. మీరూ నేనూ పోయాక కూడా."

"నేను పోయాక కూడా జనం నన్ను చెప్పుతో కొట్టాలన్నమాట!"

"ఆలోచించు అక్కా," అన్నాడు తమ్ముడు. "ఎనిమిది కాళ్ళు, ఎవరిమాటా వినదు, కుండీ కింద నుంచి లెమ్మంటే లేవదు. పేరు అతికినట్టు సరిపోతుంది."

ఆవిడ తమ్ముడి నెత్తిన ఒకటి మొట్టి, మజ్జిగ అడిగి, ఆ సంగతి ఇక ఎత్తలేదు. ఆ మరుసటి వారం ఆమె నర్సరీ ముందు నుంచి వెళ్ళినప్పుడు చూస్తే, మొక్కల పేర్లు రాసే పలకమీద పేర్లన్నీ చెరిపేసి ఉన్నాయి. వాటి బదులు సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: "ప్రపంచంలో ఎక్కడా లేని సాలీడు ఇక్కడే దొరికింది. వివరాలు లోపల."

లోపల వివరాలు ధారాళంగా ఇవ్వబడుతున్నాయి. గులాబీ అంటు కోసం వచ్చిన దంపతులకు వదినగారు లాటిన్ తోకతో సహా తన పేరు పలికి చూపిస్తున్నారు. తోక ఎక్కడ వత్తి పలకాలో కూడా ఆవిడ ఎక్కడో అడిగి తెలుసుకున్నట్టున్నారు. పిల్లలు లేని ఆవిడ, ఊరందరి పెరళ్ళలోనూ మొక్కలు నాటించిన ఆవిడ, తన పేరు దేనికైనా ఉంటుందని ఏనాడూ ఆశపడినట్టు కనిపించలేదు. ఆ పూట ఆవిడ ముఖం చూసి ఆమె గేటు దగ్గరనుంచే వెనక్కి తిరిగింది. ఆ సంతోషాన్ని పాడుచెయ్యడం ఇక తన చేతుల్లోనే ఉంటుందని అప్పటికి ఆమెకు తెలియదు.

బొమ్మలకు ఇంకు పట్టించింది. వర్ణన పూర్తయింది. మ్యూజియం ఆఫీసరు రెండుసార్లు వచ్చి "ఎంతవరకు వచ్చింది మేడం? పత్రికలవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు. ఇక పంపడమే తరువాయి. అప్పుడు ఆమె బొమ్మను గోడకు ఆనించి దూరం నుంచి చూసింది.

ముల్లు ఎడమవైపు మాత్రమే ఉంది.

మొదటినుంచీ అలాగే ఉంది. ఆమే చూసింది, ఆమే గీసింది, "ఎడమవైపు ఒక ముల్లు" అని ఆమే రాసింది. అయినా ఆ క్షణం వరకు అది ఆమెకు విచిత్రంగా తోచలేదు. సాలీడు ఒంటిమీద ప్రతిదీ జంటే: కళ్ళు జంటలు, కాళ్ళు జంటలు, బిళ్ళమీది గుంటలు జంట. ఒంటరిగా ఉండేవి సరిగ్గా నడిమధ్యన ఉంటాయి. పక్కకు ఒకటే ఉండి, రెండో పక్క లేకపోవడమేమిటి?

ఆ సాయంత్రం ఆమె భర్త దుకాణానికి వెళ్ళి బల్లమీద కూర్చుంది. అతను ఒక కళ్ళజోడు పుల్లతో కుస్తీ పడుతున్నాడు. కంటికి అద్దం బిగించుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, సన్నని సూదితో కీలులో గుచ్చుతున్నాడు.

"ఏమైంది దానికి?"

"మేకు విరిగింది. తల బయటికి వచ్చేసింది, మొన లోపలే ఉండిపోయింది. చూసేవాళ్ళకి కీలే అలా ఉందనిపిస్తుంది. ఇది వస్తేగాని కొత్త మేకు దిగదు." అతను అద్దం తీసి ఆమె ముఖంలోకి చూశాడు. "ఏమిటలా అయిపోయావు?"

"ఏం లేదు. మొన లోపలే ఉండిపోయిందన్నావు కదా, అదే ఆలోచిస్తున్నాను."

"కళ్ళజోళ్ళ గురించి నువ్వు ఆలోచిస్తున్నావంటే నాకు భయంగా ఉంది."

తేల్చుకునే మార్గం ఉంది. బిళ్ళను కోసి, విడదీసి, లవంగ నూనెలో వేస్తే చుట్టూ ఉన్న కండంతా అద్దంలా తేటపడి లోపలిది కనిపిస్తుంది. కానీ ఉన్నది ఒకే ఒక్క ఆడ సాలీడు. చెయ్యి వణికితే బిళ్ళ చితికిపోతుంది. ఆపైన సాక్ష్యమే మిగలదు. "ఉన్నది ఒక్కటే కదా, కొయ్యకండి మేడం" అని ఆఫీసరు ముందే అన్నాడు. కొయ్యకపోతే ఎవరూ తప్పుపట్టరు. బయటనుంచి వేసిన బొమ్మ చాలు. ముల్లు ఉంది, ఉన్నదాన్ని ఉన్నట్టే రాసింది, అందులో అబద్ధమేమీ లేదు. సుద్దముక్కతో రాసిన పలక కళ్ళముందు ఆడింది.

రెండు రోజులు ఆమె ఇతర సీసాల్లో తగ్గిన స్పిరిట్ నింపుతూ గడిపింది. మూడోనాడు తలుపు గడియవేసి, నీళ్ళు తాగి, బిళ్ళను కోసింది. బిళ్ళ చితకలేదు.

గదంతా లవంగాల వాసన అలుముకుంది. నూనెలో బిళ్ళ మెల్లగా తేటపడింది. నల్లదనం పోయి టీ రంగు, టీ రంగు పోయి తేనె రంగు. ముల్లు బిళ్ళలోంచి పుట్టలేదు. బయటనుంచి వచ్చి, ఎడమ దారిలో వంపులు తిరిగి లోపలికంటా దిగి, అక్కడ ఇరుక్కుపోయి ఉంది. పైకి కనిపిస్తున్న చివర సూదిగా లేదు, విరిగిన పుల్లలా గరుకుగా ఉంది. అది ఆ ఆడ సాలీడుది కానే కాదు. జతకట్టి వెళ్ళిపోయిన మగవాడు విరిచి వదిలేసిన మొన.

ఆమె అలమరా తెరిచి సూదిమొన సీసా తీసింది. ముల్లు వంపునూ ఆ మొన వంపునూ పక్కపక్కన పెట్టి చూసింది. అచ్చు ఒక్కటే. ఎవరి తాలూకో తేలిపోయింది; మూడో జాతి లేదు. సీసా తిరిగి పెట్టబోతూ, పక్కనే ఉన్న మొద్దుమొన సీసా వంక చూసింది. సూదిమొన విరిగితే మిగిలేది ఎలా ఉంటుంది?

మొండిగా ఉంటుంది.

ఈ విద్యలో తరతరాలుగా వస్తున్న మర్యాద ఒకటుంది. మగ సాలీడుకు రెండు చిరుచేతులున్నా, బొమ్మ వేసేది ఎడమదాన్నే. అందరూ ఎడమనే వేస్తే ఒకరి బొమ్మను మరొకరి బొమ్మతో పోల్చడం సులువని పెట్టుకున్న పద్ధతి. పెద్దసారు మొద్దుమొన ఎడమచేతిని విడదీసి, బొమ్మవేసి, బుల్లి సీసాలో భద్రపరిచారు. మిగిలిన సాలీడు సీసాకు, ఆ పేరుకు ఆధారం అదేనని గుర్తుగా, ఎర్రచీటీ కట్టారు. ఆ తరువాత చూడవచ్చిన ప్రతివారూ ఆ బుల్లి సీసానే అడిగి తీసుకున్నారు, ఎడమచేతినే చూశారు, మొద్దుగానే ఉందని తలూపి వెళ్ళారు. ఆమె కూడా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సాలీడు ఒంటికే ఉండిపోయిన కుడిచేతిని తిప్పి చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె ఎర్రచీటీ సాలీడును ఇసుకలో పడుకోబెట్టి కుడివైపుకు తిప్పింది. కుడిచేతి మొన సూదిలా, చెక్కుచెదరకుండా, వంపు తిరిగి మెరుస్తున్నది.

ఆమె వెళ్ళేసరికి పెద్దసారు తమ ఇంటి వరండాలో నిలబడి తన చొక్కాలు తానే ఇస్త్రీ చేసుకుంటున్నారు. రిటైరైనా ఆయన మడతలో వెంట్రుకవాసి తేడా రానివ్వరు.

"ఏమ్మాయ్, కొత్త జాతట కదా! మీ ఆడపడుచు మొన్న నాకు తులసి మొక్క అమ్మి, దానితోపాటు ఆ సంగతి ఉచితంగా ఇచ్చారు."

"కొత్తది కాదు సార్."

"మళ్ళీనా?" ఆయన నవ్వారు. "ఈసారి ఎవరిది?"

"మీది."

"నాదా? ఏది, సూదిమొనా, మొద్దుమొనా?"

"రెండూ సార్."

ఆయన ఇస్త్రీపెట్టెను జాగ్రత్తగా నిలబెట్టి, స్విచ్చి కట్టేసి, కుర్చీ లాక్కున్నారు. ఆమె సీసాలు బల్లమీద పెట్టింది. ఏమీ చెప్పలేదు, ఆయన నేర్పిన పద్ధతి అది. భూతద్దం చేతికిచ్చి ఊరుకుంది. ఆయన ముల్లును చూశారు. సూదిమొనను చూశారు. మొద్దుమొన ఎడమచేతిని చూశారు. తరువాత, ఎవరూ అడగకుండానే, ఎర్రచీటీ సాలీడును కుడివైపుకు తిప్పారు. వీధిలో సైకిల్ గంట మోగి దూరమైంది. ఆమెకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే," అన్నారు చివరికి, అద్దం పక్కన పెట్టి, "నేను పెళ్ళికానివాళ్ళను ఒక జాతిగానూ, పెళ్ళయినవాళ్ళను ఒక జాతిగానూ వర్ణించానన్నమాట."

ఆమె నవ్వకూడదనుకుంది. కుదరలేదు. ఆయన భుజాలు కూడా కదలడం మొదలుపెట్టాయి.

"గట్టిగా నవ్వకమ్మాయ్. మా ఆవిడ వింటే, ఆ రెండూ వేరు వేరు జాతులేనని వాదిస్తుంది."

"వాదించడమేమిటి," అని లోపలినుంచి గొంతు వినిపించింది, "చూస్తూనే ఉన్నాగా!"

నవ్వు సద్దుమణిగాక ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "కుడిచెయ్యి నేనెందుకు చూడలేదంటావు?"

"నేను కూడా చూడలేదు సార్. ఎవరం చూడలేదు."

"సరే. రెండూ ఒకటి చేసి రాయి. అయితే రెండు పేర్లు ఉండవు, ఒకటి పోవాలి. రెండూ ఒకే వ్యాసంలో, ఒకేనాడు పుట్టిన పేర్లు, పెద్దాచిన్నా లేదు. అలాంటప్పుడు ఏది ఉంచాలో నిర్ణయించే హక్కు మొదటిసారి కలిపి రాసినవాళ్ళదే. అది నువ్వు. నన్నడిగితే సూదిమొన ఉంచు. పుట్టుకతో అందరూ సూదిమొనలే కదా. అయినా నన్నడగకు. నా చేతిలో ఉన్నప్పుడు నేను చేసిన నిర్వాకం చూశావుగా."

ఆమె సీసాలు సర్దుకుని లేచింది. కష్టమైన ఇల్లు ఇది కాదని ఆమెకు తెలుసు.

నర్సరీలో వదినగారు పైపు పట్టుకుని మొక్కలు తడుపుతున్నారు. పలకమీది అక్షరాలను ఎవరో రంగుసుద్దలతో కొత్తగా దిద్దారు.

"రా రా! ఎప్పుడు అచ్చవుతుందట? పూలకొట్టు అబ్బాయి అడుగుతున్నాడు, నాలుగు కాపీలు కావాలట. సాలీడంటే ఏమిటో తెలియనివాడు కూడా—"

"వదినా, అది కొత్త జాతి కాదు."

పైపులో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఒక కుండీ నిండి పొర్లింది.

"అంటే?"

ఆమె అంతా చెప్పింది. ముల్లు, నూనె, విరిగిన మొన, రెండు చేతులు. తన తొందరను తగ్గించి చెప్పుకోలేదు. లోపల చూడకముందే మాట ఇచ్చానని చెప్పింది. వదినగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆవిడ అడ్డురాకుండా వినడం ఆమె ఎన్నడూ చూడలేదు, అదే భయపెట్టింది.

"కొయ్యకపోతే నా పేరు ఉండేదా?"

"ఉండేది. ఇంకెవరో కోసి తీసేసేదాకా."

"హు." ఆవిడ కుళాయి కట్టేసి, పలక దగ్గరికి వెళ్ళి, తడి అరచేత్తో ఒక్క వరస చెరిపేశారు. రంగులు కలిసిపోయి చెయ్యంతా గులాబీరంగయింది. వెనక్కి తిరగకుండానే అన్నారు: "నీ మొగుడికి చెప్పకు, నేను ఏడ్చానని."

"మీరు ఏడవలేదుగా వదినా."

"ఏడవలేదు కనుకే చెప్పకంటున్నాను. ఏడ్చిందని వాడే పుట్టిస్తాడు." ఆవిడ చెంగుతో చెయ్యి తుడుచుకుని బోర్లించిన కుండీమీద కూర్చున్నారు. "సరే, ఒకటి చెప్పు. ఆ మగవాళ్ళందరూ మీ సారుకు దొరికారు. ఆడది ఎలా ఉంటుందో ఇంతకుముందు ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ తెలియదు. మొదట పట్టినది మీరే. వర్ణనలో అది రాయాలి. ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో పేరుతో సహా రాయకపోతే అచ్చువెయ్యరు."

"తోక లేకుండా?"

"తోక లేకుండా. మీ పేరు మీ పేరులాగే."

వదినగారు ఆలోచించారు. "అది నయం. ఆ తోకతో పలుకుతుంటే నాకే ఎవరినో తిడుతున్నట్టుండేది."

అప్పుడు ఆమె పెద్దసారు చెప్పిన రెండు పేర్ల సంగతి చెప్పింది. ఒకటి ఉండాలి, ఒకటి పోవాలి, నిర్ణయం తనది. తన జీవితంలో పేరు విషయంలో తన చేతికి వచ్చినది ఇంతే. "మీరు చెప్పండి వదినా. ఏది ఉంచను? సారు సూదిమొన అన్నారు."

"మన దానిలో విరిగిన మొన ఎవరిది?"

"విరిచినవాడు మొద్దుమొన అయ్యాడు కదా."

"మరింకేం! కట్టుకున్నవాడి పేరు తీసేసి, దారినపోయే పెళ్ళికానివాడి పేరు అంటగడతావా దానికి? ఇదేం న్యాయమే? మొద్దుమొనే ఉంచు."

ఆమె పకపకా నవ్వింది. కానీ ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే, ఆ మాటలో నవ్వుకు మించినది ఉన్నట్టు తోచింది. ఒక చెయ్యి మొద్దుగా, ఒక చెయ్యి సూదిగా ఉన్న సాలీడు మొద్దుమొన పేరుకే ఆధారం. ఎర్రచీటీ దానికే ఉంది. రెండు జాతులూ ఒకటేనని ఒంటిమీదే రాసుకున్న సాక్షి అది. పేరు నిలబడవలసింది అటువంటి సాక్షిమీదే. మరునాడు ఆమె ఆ కారణాన్ని క్రియాపదాలు లేని భాషలో ముక్తసరిగా రాసి, సూదిమొన చీటీమీద సన్నని గీత గీసి, రెండు సీసాలనూ ఒకే అరలో పక్కపక్కన పెట్టింది. వాటి పక్కన ఆడ సాలీడు. దాని సీసాలోనే మరో బుల్లి సీసా. అందులో బిళ్ళ, ఆ బిళ్ళలో మొన, విడదీయకుండా.

పెద్దసారు వ్యాసం చదివి, సూదిమొనను తీసేసినందుకు ఒక్కమాట కూడా అనలేదు. మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో చిన్నగా రాసి పంపారు: "మా ఆవిడ కూడా ఇదే అన్నది."

వానలు పడ్డ తరువాత, ఒక ఉదయం, గడప అవతలనుంచి మళ్ళీ కేక వినిపించింది. వదినగారి చేతిలో గాజు సీసా. ఈసారి దానికి సరైన మూత ఉంది, మూతకు చిల్లులున్నాయి. సీసాకు మొక్కల కుండీల్లో గుచ్చే ప్లాస్టిక్ చీటీ దారంతో కట్టి ఉంది. దానిమీద వదినగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాల్లో. కింద "పట్టినవారు" అని రెండుసార్లు అడుగుగీత.

"మగది!" అన్నారు ఆవిడ, రొప్పుతూ. "బాగా చూశాను. మొన సూదిలా ఉంది, పాపం ఇంకా పెళ్ళికాలేదు. ఇదీ పాతదేనా, లేక కొత్తదా?"

ఆమె సీసా అందుకుని కిటికీ దగ్గరికి నడిచింది. వెనక భర్త పొయ్యిమీంచి టీ దించుతున్నాడు.

"ఏ చెయ్యి చూశారు వదినా?"

వదినగారు తల కొట్టుకున్నారు.

"ఎడమది."